టెర్మినేటరూ, తడిగుడ్డలో పది గింజలూ

క్రితం ఏడాది ఏప్రిల్లో ఇటుకల పండక్కి పెదబయలు వెళ్ళాను. ఇంజనీరింగులో నా రూమ్మేటుది అక్కడికి దగ్గర్లోనే ఒక ఊరు. ఇరవయ్యేళ్ళ నుంచీ వాడు రమ్మంటూనే ఉన్నాడు, నేను "ఈసారి తప్పకుండా" అంటూనే ఉన్నాను. పాడేరు దాటాక మూడు చోట్ల ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పెట్టి, పాట పాడి, పండగ డబ్బులు అడిగారు. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకి పోతారు, రోడ్లు వీళ్ళవి. టోలు కట్టడం నాకు అలవాటే గానీ, పాట పాడి మరీ వసూలు చేసే టోలుగేటు చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆ పండగలో నాకు బాగా నచ్చింది విత్తనాల పూజ. సామలు, చోళ్ళు, కొర్రలు, కందులు తలా కాసిన్ని తెచ్చి దేవుడి ముందు పెడతారు. పూజయ్యాక వాటిని ఇళ్ళకి పట్టుకుపోయి, దాచుకున్న విత్తనంలో కలుపుకుని, వానల కోసం చూస్తారు. మా అపార్టుమెంటులో లిఫ్టుకి దసరా నాడు కొబ్బరికాయ కొడతాం కదా, అలాంటిదే అనుకున్నాను మొదట. కాదని తర్వాత తెలిసింది. లిఫ్టు పాడైతే కంపెనీవాడొస్తాడు. ఈ విత్తనం పాడైతే ఎవడూ రాడు.

మర్నాడు ఊళ్ళో చింతచెట్టు కింద ఒక మీటింగు జరిగింది. ఏదో సంస్థ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు అనవసరం. మంచి మనిషే, ఏళ్ళ తరబడి ఆ కొండల్లో తిరుగుతున్నవాడు. చిరుధాన్యాలు వదలొద్దన్నాడు, అప్పు చేసి విత్తనం కొనొద్దన్నాడు. అంతవరకూ నేనూ తలూపాను. అప్పుడు మా వాడి ఇంటి చూరుకి వేలాడుతున్న మొక్కజొన్న కంకి ఒకటి తెప్పించి, పైకెత్తి చూపించి, "ఇదే టెర్మినేటర్ విత్తనం. అమెరికా కంపెనీలు దీంట్లో ఒక ఎంజైము పెట్టాయి. ఇది మళ్ళీ మొలవదు. దీని పుప్పొడి గాలికొస్తే మీ సామలూ చోళ్ళూ కూడా గొడ్డువైపోతాయి" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర మా వాడి అమ్మ (నాకు పెద్దమ్మ) అడిగింది. "ఏటి బాబూ, నువ్వు అమెరికా కంపెనీలోనే కదా పనిచేస్తావు. గింజలో ఇసం పెడతారంట, నిజమేనా?"

నేను ఇంటర్లో ఎంపీసీ. బయాలజీ పదో తరగతితో సరి. కప్ప బొమ్మ గియ్యమంటే బంగాళాదుంప గీసిన బాపతు. "కనుక్కుని చెప్తాను పెద్దమ్మా" అని తప్పించుకున్నాను. హైదరాబాదు వచ్చాక షరా మామూలే, పనిలో పడి మర్చిపోయాను.

జూన్లో మా వాడు ఫోన్ చేశాడు. పెద్దమ్మ వాళ్ళ పక్కింటావిడ దాచుకున్న సామ విత్తనం మొత్తం దంచి వండేసుకుందట. కిందటేడు ఆవిడ సామ చేను పక్కనే ఎవరిదో మొక్కజొన్న ఉంది. "ఎలాగూ మొలవనిది దాచడం దేనికి" అనుకుంది. అది ఆలస్యంగా పంటకొచ్చే సామ రకమట, పెద్దమ్మ దగ్గర లేదు, ఆ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ఆ ఏడు ఆవిడ సంతలో కొన్న విత్తనం చల్లింది.

అదీ సంగతి. విత్తనం కాపాడుకోండని చెప్పడానికి పెట్టిన మీటింగు వల్ల ఒక ఇంట్లో విత్తనం పోయింది. ఈ టపా రాయడానికి కారణం ఇదే. కనుక్కుని చెప్తానన్నవాణ్ణి వెంటనే కనుక్కుని ఉంటే ఆ విత్తనం మిగిలేదేమో అన్న గిల్ట్ కూడా ఒక కారణం.

* * *

ముందు ఆ ఎంజైము సంగతి తేల్చుకుందాం. దాని పేరు క్రీ. సైట్-స్పెసిఫిక్ రీకాంబినేజ్ అనే రకానికి చెందినది. పేరు చూసి భయపడకండి, నేనూ మొదట భయపడ్డాను. డీఎన్‌ఏ అంటే నాలుగక్షరాలతో రాసిన పొడుగాటి ఫైలు అనుకోండి. ఈ ఎంజైము ఆ ఫైల్లో ఒకే ఒక్క గుర్తు కోసం వెతుకుతుంది. ఆ గుర్తు పేరు లాక్స్‌పీ. మొత్తం 34 అక్షరాలు. అటు 13, ఇటు 13 ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి, మధ్యలో 8 అక్షరాలు ఆ గుర్తు ఎటు తిరిగి ఉందో చెబుతాయి. రెండు గుర్తులూ ఒకే వైపు తిరిగి ఉంటే మధ్యలో ఉన్న ముక్కని కోసి, చివర్లు రెండూ అతికేస్తుంది. ఎదురెదురుగా ఉంటే మధ్య ముక్కని తిరగేస్తుంది. రెండు వేరువేరు డీఎన్‌ఏల మీద ఉంటే వాటిని కలుపుతుంది. అంతే. గుర్తు లేని చోట దానికి పనిలేదు.

ప్రోగ్రామర్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కోడులో రెండు గుర్తుల మధ్య ఉన్నదాన్ని తీసెయ్యడమో తిరగెయ్యడమో చేసే చిన్న స్క్రిప్టు. ఏం తీసెయ్యాలో అది నిర్ణయించదు. గుర్తులు పెట్టినవాడు నిర్ణయిస్తాడు.

దీన్ని ఏ కంపెనీ ల్యాబులోనూ కనిపెట్టలేదు. బాక్టీరియాని పట్టి బతికే పీ1 అనే వైరస్ దగ్గర ఇది ముందే ఉంది. ఆ వైరస్ డీఎన్‌ఏ గుండ్రంగా ఉంటుంది. ఒక్కోసారి రెండు కాపీలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద చుట్ట అయిపోతాయి. అప్పుడు బాక్టీరియా రెండుగా చీలితే ఒక పిల్లకి మొత్తం, ఇంకో పిల్లకి సున్నా. ఆ చుట్టని మళ్ళీ రెండుగా విడదియ్యడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. డూపాంట్ కంపెనీలో పనిచేసిన నాట్ స్టెర్న్‌బర్గ్ 1980ల మొదట్లో దీని పనితీరు బయటపెట్టాడు. ఆ కంపెనీలోనే బ్రయాన్ సావర్ 1987లో ఇది ఈస్టు కణాల్లో కూడా పనిచేస్తుందని చూపించాడు. అక్కణ్ణుంచి ఎలుకల్లోకి వచ్చింది. ఒక జన్యువుని ఎలుక ఒళ్ళంతా తీసేస్తే ఎలుక పుట్టకుండానే చావొచ్చు. అదే కాలేయంలో ఒక్కదాన్లోనే, మెదడులో ఒక్కదాన్లోనే తీసేస్తే ఆ జన్యువు అక్కడ ఏం పనిచేస్తోందో తెలుస్తుంది. ఇవాళ కాన్సరు మీదా మెదడు జబ్బుల మీదా పనిచేసే ల్యాబుల్లో క్రీ ఎలుకలు లేని ల్యాబు అరుదు.

మరి ఈ పనిమంతుడు దయ్యం ఎలా అయ్యాడు?

* * *

1998 మార్చి 3న అమెరికాలో ఒక పేటెంటు వచ్చింది. నంబరు 5,723,765. తీసుకున్నవాళ్ళు ఇద్దరు: డెల్టా అండ్ పైన్ లాండ్ అనే పత్తి విత్తనాల కంపెనీ, అమెరికా ప్రభుత్వపు వ్యవసాయ శాఖ. (రెండోది చాలామంది మర్చిపోతారు. ప్రభుత్వమే భాగస్వామి.) దానికి టెర్మినేటర్ అనే పేరు పెట్టింది మాత్రం వాళ్ళు కాదు, రాఫీ అనే ఉద్యమ సంస్థ. ఆ పేరు పెట్టినవాడు మా మార్కెటింగు టీములో ఉండాల్సినవాడు.

దాని ఏర్పాటు చదివితే, ఒప్పుకోవాలి, తెలివిగా ఉంది. దుర్మార్గంగానూ ఉంది. ఒక విషం జన్యువు ఉంటుంది. గింజ దాదాపు ముదిరే సమయంలో మాత్రమే పనిచేసే స్విచ్చు ఒకటి దాని ముందు ఉంటుంది. అయితే ఆ స్విచ్చుకీ విషానికీ మధ్యలో అడ్డంగా ఒక డీఎన్‌ఏ ముక్క పెడతారు. ఆ ముక్కకి రెండు వైపులా లాక్స్ గుర్తులు. అడ్డం ఉన్నంతకాలం విషం తయారవదు. క్రీ జన్యువుని కూడా అదే మొక్కలో పెట్టి, దాని నోరు నొక్కి ఉంచే ఇంకో జన్యువు పెడతారు. కంపెనీ తన పొలంలో ఎన్ని తరాలైనా ఇలాగే విత్తనం పెంచుకుంటుంది. అమ్మే ముందు మాత్రం గింజల్ని టెట్రాసైక్లిన్ అనే మందులో నానబెడుతుంది. ఆ మందుతో నోరు నొక్కేవాడు పక్కకి తప్పుకుంటాడు, క్రీ తయారవుతుంది, అడ్డంగా ఉన్న ముక్కని కోసేస్తుంది. రైతు విత్తిన గింజ మొలుస్తుంది, మొక్క పెరుగుతుంది, కాపు కూడా మామూలుగానే వస్తుంది. ఆ కాపులో గింజ ముదిరే వేళకి స్విచ్చు పడి విషం తయారై లోపలి మొలక చస్తుంది. పంట చేతికొస్తుంది, మళ్ళీ విత్తుకుందామంటే మొలవదు.

ఇందులో క్రీ చేసిందేమిటి? అడ్డం తీసింది. విషం క్రీ కాదు, దాన్ని అక్కడ పెట్టాలన్న ఆలోచనా క్రీది కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ విత్తనం ప్రపంచంలో ఏ దేశంలోనూ, ఏ పంటలోనూ మార్కెట్లోకి రాలేదు. 1999 అక్టోబర్లో మోన్‌శాంటో అధిపతి రాబర్ట్ షపీరో దీన్ని వాణిజ్యానికి వాడబోమని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కి బహిరంగంగా ఉత్తరం రాశాడు. 2000లో నైరోబీలో జీవవైవిధ్య ఒప్పందం దేశాలు దీన్ని పొలాల్లోకి రానివ్వొద్దని సిఫారసు చేశాయి. 2006లో బ్రెజిల్లోని కురిటిబాలో అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పాయి. మన దేశం ఇంకో అడుగు ముందుకేసింది. 2001లో చేసిన మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ చూడండి. టెర్మినేటర్ టెక్నాలజీ అని పేరు పెట్టి మరీ, అది ఉన్న రకాన్ని రిజిస్టరు చెయ్యకూడదని రాశారు. రకం రిజిస్టరు చేయించుకోవాలంటే అందులో ఆ జన్యువు లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి.

కాబట్టి పెదబయల్లో చూరుకి వేలాడుతున్న మొక్కజొన్న టెర్మినేటర్ అయ్యే అవకాశం సున్నా. అసలు జన్యుమార్పిడి మొక్కజొన్నకే మన దేశంలో సాగు అనుమతి లేదు. రైతులు వేసుకోవడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట ఒక్క పత్తే.

ఇదంతా చదివి నేను మేధావిలా ఫోన్లో చెబితే పెద్దమ్మ "సర్లే బాబూ" అంది. ఆ "సర్లే"లో నమ్మకం లేదు. అప్పుడు మా వాడికి ఒక పని చెప్పాను. అదే చూరుకి ఉన్న కంకి నుంచి పది గింజలు ఒలిచి, తడిగుడ్డలో మూటకట్టి, ఎండ తగలని చోట పెట్టి, గుడ్డ ఆరకుండా చూడమన్నాను. ఐదో రోజు ఫొటో పంపాడు. తొమ్మిది మొలిచాయి. పెద్దమ్మ ఆ మూట పట్టుకుని పక్కింటికి వెళ్ళి చూపించిందట. అప్పటికే ఆలస్యమైపోయిందనుకోండి.

అసలు ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. ఆ మొక్కజొన్న గింజల్ని వాళ్ళు కిందటేడు ఒకసారి దాచి విత్తారు కూడా. మొలిచాయి. కాకపోతే చేను ఎగుడుదిగుడుగా వచ్చింది. కొన్ని ఎత్తు, కొన్ని పొట్టి, కొన్ని కంకులు బొటనవేలంత. దాన్ని చూసే ఆ పెద్దమనిషి టెర్మినేటర్ అన్నాడు. అది హైబ్రిడ్ గుణం. రెండు వేరువేరు రకాల్ని కలిపితే మొదటి తరం అంతా ఒకేలాగా, బలంగా వస్తుంది. దాని గింజల్ని మళ్ళీ విత్తితే తాతల గుణాలు తలో దిక్కుగా విడిపోతాయి. ఇందులో క్రీ లేదు, విషం లేదు, కుట్ర కూడా లేదు. మెండెల్ బఠాణీల్లో చూసింది ఇదే. ఇక మొక్కజొన్న పుప్పొడి సామ మీద పడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అవి వేరువేరు జాతులు. కాకి వచ్చి కోడి పక్కన వాలినంత మాత్రాన గుడ్డు మారిపోదు కదా.

* * *

ఇక్కడ నా తోటి సాఫ్టువేరువాళ్ళు చప్పట్లు కొట్టబోతున్నారని తెలుసు. "చూశావా, ఈ ఉద్యమాలవాళ్ళంతా ఇంతే, సైన్సు తెలీదు" అని. ఆగండి బాబూ, మీకూ ఉంది.

ఆ ఉద్యమాలవాళ్ళే అరవకపోతే 29వ సెక్షన్ వచ్చేదని నాకు నమ్మకం లేదు. షపీరో ఉత్తరం రాసింది మనసు కరిగి కాదు, ప్రపంచమంతా గోల లేచి. ఆ టెక్నాలజీ వచ్చి ఉంటే పక్క రైతుకి నష్టం ఉండేమాట కూడా నిజమే. అదే పంట అయితే, పుప్పొడి పడిన మేరకి పక్కవాడి గింజల్లో కొన్ని చచ్చేవి. గాలికి పుప్పొడి రాల్చే మొక్కజొన్నలో అది చిన్న విషయం కాదు. అంచేత రానివ్వొద్దన్నవాళ్ళకి నేను దణ్ణం పెడతాను.

నా తగువల్లా రానిదాన్ని వచ్చిందని చెప్పడంతో. 1998 నవంబర్లో కర్ణాటకలో రైతులు పత్తి చేలు తగలబెట్టారు, టెర్మినేటర్ అనే ప్రచారం దానికి తోడయింది. ఆ చేలల్లో ఉన్నది బీటీ పత్తి ప్రయోగాలు. అప్పటికి టెర్మినేటర్ పేటెంటు మోన్‌శాంటో చేతిలో కూడా లేదు. డెల్టా అండ్ పైన్ లాండ్‌ని ఆ కంపెనీ పూర్తిగా కొన్నది 2007లో. అలాగే 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావుల్ని ఇప్పటికీ కొందరు బీటీ ఖాతాలో రాస్తారు. బీటీ పత్తికి అనుమతి వచ్చిందే 2002 మార్చిలో. వరంగల్లో చంపింది పురుగు, కల్తీ మందు, అప్పు. అసలు ముద్దాయిల్ని వదిలేసి అప్పటికింకా పుట్టనివాడి మీద కేసు పెడితే లాభం ఎవరికి? కల్తీ మందులు అమ్మినవాడికి, వడ్డీకి తిప్పినవాడికి.

విత్తనానికి తాళం లేదని నేననను. ఉంది. ఎంజైములో వెతుకుతున్నంతకాలం అది మనకి కనపడదు. అది బిల్లులో ఉంది.

బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్టు సుమారు 1,850 రూపాయలు. అందులో 1,250 టెక్నాలజీ రుసుము. గింజలో ఏ టెర్మినేటరూ లేకుండానే రైతు ఏటా అంత కట్టాడు, హైబ్రిడ్ కాబట్టి ఏటా కొనాలి, జన్యువు ఒక్కడి దగ్గరే ఉంది కాబట్టి వాడు చెప్పిందే ధర. ఆ తాళం పగలగొట్టింది ఎవరు? చేలు తగలబెట్టినవాళ్ళు కాదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దగ్గరకి వెళ్ళి, ఇది అన్యాయపు ధర అని వాదించింది. కమిషన్ తగ్గించమంది. ప్యాకెట్టు 750 రూపాయలకి దిగింది. మన రాష్ట్రం చేసిన పని అది. దాని గురించి ఒక్క పాట లేదు, ఒక్క నాటకం లేదు. టెర్మినేటర్ మీద మాత్రం ఊరికొక ఉపన్యాసం.

ఇంకో సాక్ష్యం. 2001లో గుజరాత్‌లో నవభారత్-151 అనే పత్తి బయటపడింది. అనుమతి లేకుండా అందులోకి బీటీ జన్యువు వచ్చి చేరింది, వేల ఎకరాల్లో పెరుగుతోంది. 2017 నాటికి మన దగ్గరా, తెలంగాణలోనూ కలుపుమందు తట్టుకునే పత్తి దొంగచాటుగా దొరుకుతోందని తేలింది. గింజలో నిజంగా క్రీ తాళం ఉంటే ఈ దొంగ కాపీలు ఎలా వచ్చాయండీ? కాపీ ప్రొటెక్షన్ ఉన్న సీడీకి ఇన్ని పైరసీ కాపీలా?

తాళం కాగితంలో ఉంటుందనడానికి అన్నిటికన్నా తమాషా ఉదాహరణ క్రీ చరిత్రే. క్రీ-లాక్స్ మీద పేటెంటు డూపాంట్‌ది. 1990లలో ఎలుకల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్లు ఆ కంపెనీ లైసెన్సు షరతులకి విసిగిపోయారు. ఆ ఎలుకల్ని తోటివాళ్ళకి పంచుకోవడానికీ అడ్డే, వాటితో కనిపెట్టినదాని మీద కంపెనీకి వాటా అడగడం ఇంకో తలనొప్పి. చివరికి 1998లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు డూపాంట్‌తో ఒప్పందం కుదుర్చుకుంటే గానీ విశ్వవిద్యాలయాలకి ఊపిరాడలేదు. అదే 1998. ఒక పక్క క్రీ రైతు విత్తనానికి తాళం వేస్తుందని ప్రపంచం గోలపెడుతుంటే, ఇంకో పక్క క్రీకే ఒప్పందం కాగితంతో తాళం వేసి ఉంది. ఓపెన్ సోర్స్ గురించి గంటలకొద్దీ వాదించుకునే మనకి ఇది ఎందుకు పట్టలేదో!

సరే, ఆ దయ్యమే ఇంకేం చేయగలదో చూడండి. జన్యుమార్పిడి మొక్కల్ని తయారుచేసేటప్పుడు, ఏ కణంలో మార్పు జరిగిందో తెలియడానికి యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు ఒకటి గుర్తుగా పెడతారు. పనైపోయాక అది అక్కడ అనవసరం, దాని మీదే జనాలకి భయం. క్రీ దాన్ని శుభ్రంగా కోసి తీసేస్తుంది. 2006లో అమెరికాలో సాగు అనుమతి పొందిన ఎల్‌వై038 అనే మొక్కజొన్నలో అలాగే తీశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం ఆవ మొక్కలో ఇదే పని చేసి 2007లో ప్రచురించింది. అదే ఏడాది అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్ళు, పొగాకు మొక్కల పుప్పొడిలో గింజల్లో పెట్టుడు జన్యువు తనంత తానే తెగిపోయేట్టు చేసి చూపించారు. ఎలా? క్రీ, దాని ఈస్టు చుట్టం ఫ్లిప్, ఈ రెండూ కోసే గుర్తుల్ని జంటగా పెట్టి. అంటే పక్కవాడి చేలోకి జన్యువు పోకుండా ఆపే కాపలాదారు కూడా వీడే. కత్తితో హత్యా చేయొచ్చు, ఆపరేషనూ చేయొచ్చు అన్నది చాలా అరిగిపోయిన పోలిక, క్షమించండి, ఇంతకంటే సరిపోయేది దొరకలేదు.

* * *

"ఇప్పుడెందుకయ్యా ఈ పాత గోల" అంటారా? ఎందుకంటే కొత్త గోల గుమ్మంలో ఉంది. 2025 మేలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాల్ని ప్రకటించింది. ఒకటి హైదరాబాదు రాజేంద్రనగర్లోని వరి పరిశోధనా సంస్థ చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అంటున్నారు. దాని తల్లి బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరి. రెండోది ఢిల్లీ పూసా వాళ్ళది, దాని తల్లి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010. రెండు తల్లులూ మనవే. ఇందులో వాడింది క్రీ కాదు, క్రిస్పర్ రకం కత్తెర. ఈసారీ ఒక వర్గం "విషం" అంటుంది, ఇంకో వర్గం "అజ్ఞానులు" అంటుంది. అడగాల్సిన ప్రశ్న ఇద్దరూ అడగరు: ఆ కత్తెర మీద పేటెంట్లు ఎవరివి, రైతు చేతికి వచ్చేసరికి దాని రుసుము ఎవరు కడతారు, ఆ కాగితాలు మనకి చూపిస్తారా? 2006లో ధర తగ్గింది ఇలాంటి ప్రశ్న వల్లే.

ఉద్యమంలో ఉన్న పెద్దలకి నా మనవి ఒకటే. మీరు అబద్ధం చెబితే కంపెనీవాడికి ఏ నష్టం లేదు. తడిగుడ్డలో పది గింజలు కట్టిన రోజున రైతు మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా నమ్మడం మానేస్తాడు. అంతకంటే ఘోరం, ఆ గింజలు కట్టి చూసుకోనివాడు మీ మాట పూర్తిగా నమ్మి, దాచుకున్న విత్తనం దంచుకు తింటాడు. జరిగింది కాబట్టే చెబుతున్నాను.

సాఫ్టువేరు మిత్రులకి మనవి: పొయ్యి పైన పొగ తగిలేట్టు ఆనపబుర్రలో విత్తనం దాచే మనిషి అజ్ఞాని కాదు. బ్యాకప్ అనే మాట మనకి తెలిసినంత, దాని అర్థం ఆవిడకి తెలుసు. ఆవిడ అడిగిన ప్రశ్నకి నేను రెండు నెలలు జవాబు చెప్పలేదు. ఇందులో అజ్ఞానం ఎవరిదో మీరే తేల్చండి.

ఇంతకీ చెయ్యాల్సిన పనేమిటి? ఆ 2001 చట్టంలోనే ఉంది. 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. అంతకన్నా మంచిది, రైతులు గానీ ఊరు గానీ తాము తరతరాలుగా కాపాడిన రకాన్ని తమ పేర రిజిస్టరు చేయించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ రుసుము లేదు. భూమికి 1/70 చట్టం ఎలాగో, విత్తనానికి ఇది అలాగ. దరఖాస్తు నింపడం, విత్తనం శాంపిలు పంపడం, అధికారి సంతకం పెట్టించడం, ఈ తిరుగుడే కష్టం. మన ఏజెన్సీలోనే చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. దయ్యం గురించి మాట్లాడే గంటలో పావుగంట ఆ దరఖాస్తు గురించి మాట్లాడితే ఎంతో కొంత మిగులుతుంది. దరఖాస్తు నింపే పని ఎవరికైనా కావాలంటే నేను చేస్తాను. ఫారాలు నింపడం తప్ప ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది పెద్దగా లేదు కూడా.

మొన్న మా వాడితో మాట్లాడాను. పెద్దమ్మ తన సామ విత్తనంలోంచి పక్కింటావిడకి ఒక కుంచం ఇచ్చింది. అది తొందరగా పంటకొచ్చే రకం. ఆలస్యంగా వచ్చేది కావాలని ఆవిడ ముంచంగిపుట్టు వైపు చుట్టాల్ని అడుగుతోందట. ఇంకా దొరకలేదు. ఆ వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో ఆలస్యపు సామ ఉంటే, దయచేసి ఒక గుప్పెడు దాచి ఉంచండి. దంచెయ్యకండి. మొలుస్తాయో లేదో అనుమానంగా ఉంటే గుడ్డ తడిపి పది గింజలు కట్టి చూడండి.